షార్త్ర ఆలయమున మంచి సమరయుని గవాక్షము

క్రైస్తవ దేవాలయములందలి రంగుగాజు కిటికీలను గూర్చి వ్రాయువారిలో పెక్కుమంది ఒక్క మాటతోనే ఆరంభింతురు. అక్షరములు ఎరుగని జనులకు అవి గ్రంథములని ఆ మాట. దీనికి ప్రాచీనాధారము లేకపోలేదు. సుమారు 600వ సంవత్సరమున రోము నగరపు పోపు మొదటి గ్రెగరీ, మార్సేయి పట్టణపు బిషప్పగు సెరెనస్‌కు వ్రాసిన లేఖలలో ఇట్టి అభిప్రాయమే కనబడును. ప్రజలు చిత్రములకు మ్రొక్కుచున్నారని సెరెనస్ తన ఆలయములోని చిత్రములను పగులగొట్టించెను. మ్రొక్కుట తప్పే యైనను పగులగొట్టుటయు తప్పేయనియు, చదివినవారికి లిపి చేయు మేలు చదువనివారికి చిత్రము చేయుననియు గ్రెగరీ అతనిని మందలించెను. ఆయన తలచినది గోడలపై వ్రాసిన బొమ్మలను గూర్చి. రంగుగాజు కళ పరిపక్వదశకు వచ్చుటకు అప్పటికింకను ఆరువందల యేండ్లు పట్టవలసియున్నది. అయినను ఆ మాట కిటికీలకు అంటుకొని నేటికిని వీడలేదు.

ఈ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్నచో వందల కిటికీలను ఒక్కసారిగా పొగడుటకంటె ఒక్క కిటికీని అడుగునుండి కొనవరకు చదివి చూచుట మేలు. ఫ్రాన్సు దేశమున, పారిస్ నగరమునకు నైరుతిగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున షార్త్ర యను పట్టణము కలదు. అందలి మేరీమాత ఆలయము మధ్యయుగపు గాజుపనికి నిధివంటిది. 1194వ సంవత్సరము జూన్ నెలలో పాత ఆలయము చాలవరకు అగ్నికి ఆహుతియయ్యెను. మిగిలినవానిలో ముఖ్యమైనవి పశ్చిమద్వారభాగమును, దానిపై 1150 ప్రాంతమున అమర్చిన మూడు పొడవైన కిటికీలును. పునర్నిర్మాణము వెంటనే మొదలయ్యెను. ఇప్పుడున్న కిటికీలలో అధికభాగము 1200 మొదలు 1235 వరకు గల కాలమునకు చెందినవి. ఆలయప్రతిష్ఠ 1260లో జరిగెను. నేటికిని అచ్చట 170కి పైగా రంగుగాజు కిటికీలు నిలిచియున్నవి. 1918లోను, తిరిగి 1939లోను యుద్ధభయమున వానిని ఊడదీసి దూరప్రాంతములందు దాచి, శాంతి నెలకొన్న పిదప మరల బిగించిరి. ఈ నిధిలో మధ్యశాలకు దక్షిణముననున్న నడవలో "మంచి సమరయుని" కిటికీ యొకటి. పదమూడవ శతాబ్దపు తొలి పదిపదునైదేండ్లలోనిదని పండితులు నిర్ణయించిన ఈ కిటికీయే ఈ వ్యాసమునకు విషయము.

చిత్రమును చదువుటకు ముందు దాని యుపకరణమును కొంత తెలిసికొనవలెను. పండ్రెండవ శతాబ్దపు పూర్వభాగమున థియోఫిలస్ అను సన్న్యాసి శిల్పవిద్యలను గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ పని వివరముగా చెప్పబడినది. బీచి కట్టెల బూడిద రెండు పాళ్లును, ఇసుక ఒక పాలును కరగించి గాజు చేయుదురు. కోబాల్టు నీలమును, రాగి ఎరుపును, మాంగనీసు ఊదారంగును ఇచ్చును. ఎర్రగాజు దళసరిగా నున్నచో నల్లగా కనబడును గనుక, తెల్లగాజుపై పలుచని ఎర్రపొరను ఎక్కింతురు. సుద్ద పూసిన బల్లపై బొమ్మను గీచికొని, గాజును దానిపై పెట్టి, కాల్చిన ఇనుపకొనతో ముక్కలుగా చీల్చి, అంచులు సరిచేసి, కన్ను ముక్కు తీరును, వస్త్రపు మడతలను ముదురువర్ణముతో దిద్ది, బట్టీలో కాల్చి, తుదకు సీసపుకమ్ములతో ఆ ముక్కలను కూర్తురు. గాలికి నిలుచుటకై వెనుక ఇనుపచట్రము బిగింతురు.

ఇట్టి పనిలో సుదూరదృశ్యమునకు చోటు లేదు. వెలుగునీడల మెట్లకును చోటు తక్కువ. ముఖములు చిన్నవి, వానిలో మనోభావమును సూక్ష్మముగా చూపుట దుష్కరము. కావున గాజుపై కథ చెప్పువాడు కథనంతయు చేతుల కదలికకును, దేహపు వంపునకును కుదింపవలెను. ఒక్క చెట్టు వానికి అడవి. ఒక్క ద్వారము పట్టణము. ఒక్క మంచము సత్రము. ఈ పొదుపు లోపము కాదు. కథలో ఏది ముఖ్యమో నిర్ణయించుకొనక ఈ పనివాడు ఒక్క గడిని గూడ పూర్తిచేయజాలడు.

ఇక కథ. లూకా సువార్త పదియవ అధ్యాయములో ధర్మశాస్త్రము చదివిన యొకడు యేసును పరీక్షింపదలచి, తాను ప్రేమింపవలసిన పొరుగువాడు ఎవడని ప్రశ్నించెను. యేసు నిర్వచనము చెప్పలేదు, కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవుచున్న యొకని దొంగలు పట్టుకొని, బట్టలు ఊడ్చి, కొట్టి, కొనయూపిరితో విడిచిపోయిరి. ఆ త్రోవను వచ్చిన పూజారి చూచి ప్రక్కగా పోయెను. లేవీయుడును అట్లే పోయెను. సమరయుడొకడు వచ్చి, జాలిపడి, గాయములు కట్టి, తన వాహనముపై నెక్కించుకొని, పూటకూళ్లవాని యింట చేర్చి, ఖర్చునకు డబ్బిచ్చి పోయెను. యూదులకును సమరయులకును నాడు పొత్తు లేదు. మోషే గ్రంథములు ఇరువురకును పవిత్రములే. కాని పూజాస్థలము విషయమున వారికి తీరని తగవు. ఒకరికి యెరూషలేము, రెండవవారికి గెరిజీము కొండ. పరాయివారికంటె దగ్గరగానుండి విడిపోయినవారి నడుమ ద్వేషము గాఢముగా నుండునని లోకమెరిగినదే. కథ ముగించి యేసు ప్రశ్నను త్రిప్పివేసెను. నా పొరుగువాడు ఎవడని అతడు అడిగియుండగా, పడియున్నవానికి పొరుగువాడుగా నిలిచినవాడు ఎవడని ఈయన అడిగెను. పొరుగువాడనగా సాయము పొందదగినవాడు కాదు, సాయము చేసినవాడు. కథకు ప్రాణము ఈ తిరుగుడులోనే యున్నది.

షార్త్ర కిటికీలో కథ అడుగునుండి పైకి నడచును. అన్నిటికంటె క్రింద పాదరక్షలు చేయువారి బొమ్మలున్నవి. వారు తమ పనిలో నున్నారు; తాము సమర్పించిన కిటికీని అర్పించుచున్నారు. వారిపై యేసు కథ చెప్పుచుండగా ధర్మపండితులు వినుచున్నారు. పిమ్మట బాటసారి యెరూషలేమును విడుచుట, దొంగలు పొంచియుండుట, కొట్టి దోచుకొనుట, పూజారియు లేవీయుడును చూచి ఊరకుండుట, సమరయుడు గాయములు కట్టుట, వాహనముపై సత్రమునకు కొనిపోవుట, మంచముపై పడుకొన్నవానికి పరిచర్య జరుగుట వరుసగా వచ్చును. కథ ఇచ్చట సమాప్తము కావలెను. కిటికీ మాత్రము సగమే యైనది.

పై సగమున వేరొక కథ మొదలగును. దేవుడు ఆదామును సృజించుచున్నాడు. హవ్వను సృజించుచున్నాడు. ఫలము తినవలదని హెచ్చరించుచున్నాడు. సర్పము బోధించుట, వారు తినుట, దేవుడు పిలుచుట, ఏదెను వనమునుండి వెడలగొట్టబడుట, ఆదాము నేల త్రవ్వుట, హవ్వ నూలు వడకుట, కయీను హేబెలును చంపుట ఈ భాగములోని దృశ్యములు. కొనయందు దేవదూతల నడుమ క్రీస్తు ఆసీనుడై యున్నాడు.

సత్రములో మంచముపై నున్న బాటసారి తరువాత ఆదాము సృష్టి ఏల వచ్చెను? దీనికి సమాధానము కిటికీలో లేదు, వ్యాఖ్యానములలో నున్నది. మూడవ శతాబ్దమున ఓరిజెన్, పిమ్మట అగస్టీను, బీడ్ మున్నగు వ్యాఖ్యాతలు ఈ కథకు రూపకార్థము చెప్పిరి. బాటసారి ఆదాము. అతడు విడిచిన యెరూషలేము స్వర్గవనము. చేరబోయిన యెరికో ఈ లోకము. దొంగలు దుష్టశక్తులు. పూజారియు లేవీయుడును మానవుని రక్షింపలేకపోయిన పాత ధర్మము. సమరయుడు క్రీస్తు. సత్రము క్రైస్తవసంఘము. 1898లో ప్రకటింపబడిన తన మహాగ్రంథమున ఎమీల్ మాల్ ఫ్రాన్సు ఆలయశిల్పమును ఇట్టి వ్యాఖ్యానముల సాయముతో చదువు మార్గమును చూపెను. ఆయన పరిశ్రమ లేకున్న ఈ కిటికీ పై సగము నేటి చదువరికి చిక్కుముడిగానే మిగిలియుండెడిది.

కాని ఆ విజయమే మనము మొదట చెప్పుకొన్న మాటను కొట్టివేయుచున్నది. చదువురానివాడు ఈ కిటికీముందు నిలిచి తనంతట తాను ఏమి గ్రహించును? మనుష్యుని కొట్టుట, కట్టుకట్టుట తెలియును. ఆదాము హవ్వలు వాడు వినియున్న కథయే గనుక గుర్తుపట్టును. రెండును ఒకే కథయని మాత్రము గాజు చెప్పజాలదు. ఓరిజెన్ మాటను మోసికొని వచ్చినవాడు ఒకడు ప్రక్కన నిలిచి చెప్పవలెను. కాబట్టి ఈ కిటికీ గ్రంథమునకు బదులు కాదు. మొదట చెవితో విన్నదానిని కంటికి జ్ఞప్తిచేయు సాధనము. ఉల్ఫ్‌గాంగ్ కెంప్ అను జర్మను పండితుడు 1987లో ప్రకటించిన గ్రంథమున, గోతిక్ గాజుపై నడచిన కథనమునకును ఆనాటి ప్రసంగకుల, కథకుల వాక్కునకును గల సంబంధమును విస్తరించి చర్చించెను.

తెలుగువారికి ఈ సంగతి వింత కాదు. తెలంగాణమున నకాషీవారు వ్రాసిన కులపురాణముల పటములు గోడకు తగిలించి చూచి ఆనందించుటకు పుట్టినవి కావు. కథకుడు పటము విప్పి, కర్రతో బొమ్మను చూపుచు, కథాగానము చేయును. మాదిగవారికి డక్కలివారు జాంబపురాణము చెప్పుటయు పటముతోనే. పటము లేక కథ చెప్పవచ్చును గాని, కథ లేని పటము సగము మూగ. షార్త్ర కిటికీని ఆ దృష్టితో చూచిన దాని స్వభావము సులభముగా బోధపడును.

ఇంతవరకు వచ్చిన పిదప అసలు చిక్కు ఎదురగును. రూపకార్థము ఈ కథకు మేలు చేసినదా, కీడు చేసినదా? దెబ్బలు తిన్నవాడు ఆదాము, అనగా సర్వమానవులు. కట్టుకట్టినవాడు క్రీస్తు. మరి కిటికీని చూచువానికి మిగిలిన పాత్ర ఏది? త్రోవలో పడియుండుటయే. లూకా సువార్తలో యేసు ఆ పండితుని పొమ్మని, తానును అట్లే చేయవలెనని ఆజ్ఞాపించెను. వ్యాఖ్యానములో ఆ ఆజ్ఞ మెల్లగా మరుగుపడుచున్నది. చేయవలసినదంతయు ఒకడు ఎన్నడో చేసిపోయెను. మనము కృతజ్ఞతతో మంచముపై పడుకొన్న చాలును. లేవీయుడు పాత ధర్మమునకు గుర్తుగా మారినంతనే, నేటి పూజారి తన ముఖమును ఆ గడిలో వెదకికొనవలసిన పని తప్పిపోవును. ఆ తప్పు పరమతమునకు అంటగట్టబడును. ఇది చిన్న నష్టము కాదు. స్వజనమును మందలించుటకు చెప్పిన కథ పరజనమును నిందించు కథగా మారుచున్నది. ఐరోపాలో యూదులు తరువాతి శతాబ్దములందు పడిన పాట్లు ఎరిగినవారు ఈ మార్పును తేలికగా చూడజాలరు.

ఇదే విషయము సాంస్, బూర్జ్ పట్టణముల ఆలయములందును ఇంచుమించు ఆ కాలముననే గాజుపై చిత్రింపబడెను. అచ్చట సిద్ధాంతమునకే పెద్దపీట. సాంస్ కిటికీలో సువార్తకథ మధ్యనున్న గడులలో నిలువగా, దాని చుట్టును ఆదాము కథయు, మోషే కథయు, క్రీస్తు శ్రమలును అర్థము చెప్పుటకై మూగియుండును. బూర్జ్‌లోను పద్ధతి అదియే. ఆ రెంటను కథ పైనుండి క్రిందికి నడచును. బాటసారి దిగిపోయెనన్న సువార్త మాటకు అది సరిపోవును. పతనమును కన్ను స్వయముగా అనుభవించును. ఏ దృశ్యమునకు ఏ తాత్పర్యమో ప్రక్కనే యుండుటచే బోధకునికి ఎంతయో సౌకర్యము. కాని కథ రెండడుగులు వేయగానే వ్యాఖ్యానము అడ్డుపడును. దెబ్బలు తిన్నవానిపై జాలి కలుగుటకు ముందే వాడు దేనికి గుర్తో మనకు చెప్పబడును.

షార్త్ర శిల్పి వేరొక మార్గము త్రొక్కెను. కథను ముక్కలు చేయలేదు. దాని నడుమ తాత్పర్యమును చొప్పింపలేదు. అడుగుసగమున, చూచువాని కంటికి దగ్గరగా, కథనంతయు విడువక చెప్పి, వ్యాఖ్యానమును పైకి పంపెను. దొంగలు కొట్టునప్పుడు కొట్టుటయే చూతుము. కట్టుకట్టునప్పుడు ఆ కట్టునే చూతుము. ఆలయమునకు వచ్చి తల పైకెత్తు ఓపిక లేనివానికి గూడ దయగల పని యొకటి కంటబడును. పైకెత్తినవానికి దాని మూలము తెలియును. అచ్చట కథ క్రిందికి దిగుచుండగా చూపు మీదికి ఎక్కుచుండుటచే బూర్జ్‌లోని పొందిక ఇచ్చట లేదు. కాలక్రమమును తారుమారైనది, ముందు జరిగినది పైననున్నది. అయినను దీని వలన ఒక లాభము కలదు. క్రింద కార్యము, పైన కారణము. మనుష్యుడు త్రోవలో ఏల పడియున్నాడని అడిగినవానికి కిటికీ ఇంకను పైకి చూడుమని చెప్పుచున్నది.

పై సగము ముగిసిన తీరు ఇంకను గమనింపదగినది. బాటసారి ఆదామేయని చెప్పుటయే శిల్పికి లక్ష్యమైనచో, వనమునుండి వెడలగొట్టబడుటతో ఆ పని తీరిపోయెను. యెరూషలేమును విడిచిన గడికి అదియే సరియైన జోడు. కాని అతడు ఆగలేదు. ఆదాము త్రవ్వుచున్నాడు, హవ్వ వడకుచున్నది, అటుపిమ్మట అన్న తమ్ముని చంపుచున్నాడు. క్రీస్తుమూర్తికి క్రింద మానవచరిత్రలో కడపటి దృశ్యము ఈ హత్యయే. తమ్ముడెక్కడనని దేవుడు అడిగినప్పుడు, వానికి కావలియుండుట తన పనియా యని కయీను ఎదురుప్రశ్న వేసినట్లు ఆదికాండము చెప్పును. క్రింద ధర్మపండితుడు నా పొరుగువాడు ఎవడని అడిగెను. ఈ రెండు ప్రశ్నలును ఒక్క మనస్సునుండి పుట్టినవి. బాధ్యత ఎంతవరకు, ఎచ్చట తప్పించుకొనవచ్చునని లెక్కచూచు మనస్సు అది. కిటికీ అడుగున ఒకటియు, కొనకు దాపున ఒకటియు ఈ ప్రశ్నలు నిలిచినవి. వ్యాఖ్యానము మరుగుపరచిన ఆజ్ఞ ఇట్లు మరల బయటపడుచున్నది. శిల్పి దీనిని తలచియే చేసెనని నేను వాదింపను. చేసినదానిలో ఈ అర్థము కలదని మాత్రము చెప్పుచున్నాను. మాల్ చూపిన మార్గమున నడచువారు ఆదామును చూచి తృప్తిపడి కయీను దగ్గర నిలువకపోవుట తగదని నా యభిప్రాయము.

ఇక అడుగున నున్న పాదరక్షకారుల మాట. షార్త్రలో దాదాపు నలభై కిటికీలందు ఇట్లు వృత్తులవారి బొమ్మలున్నవి. నోవహు ఓడ కథకు క్రింద వడ్రంగులు, పీపాలు చేయువారు, బండిచక్రములు చేయువారు కనబడుదురు. ఇవి ఆయా వృత్తిసంఘములు ప్రేమతో ఇచ్చిన కానుకలని చాలకాలము నమ్మకము. జేన్ వెల్ష్ విలియమ్స్ 1993లో ప్రకటించిన గ్రంథమున దీనిని ప్రశ్నించెను. ఆనాటి షార్త్రలో వృత్తులవారికి ఇంకను స్వతంత్రమైన సంఘబలము లేదనియు, ఈ బొమ్మలు మతాధికారులు పట్టణజనమును ఎట్లు చూడగోరిరో తెలుపుననియు ఆమె వాదము. 1210లో పట్టణజనులు ఆలయపు డీన్ గృహముపై దాడి చేసిరన్న సంగతి జ్ఞాపకమున్నవారికి ఈ శాంతమైన అర్పణచిత్రములు అనుమానమును కలిగింపక మానవు.

ఈ వాదము నిజమే యైనను కిటికీకి లోపము రాదు. కానుక ఎవరిదైనను, తోలుపనివారు అచ్చట కూర్చుండియున్నారు. రాజులకు, ప్రవక్తలకు దక్కిన నీలము, ఎరుపు వారికిని దక్కినది. వారి తలపై నడచునది బాటసారి కథ. పైన ఆదాము త్రవ్వుట, హవ్వ వడకుట అను కాయకష్టము వారిది గూడ. పూజారి, లేవీయుడు నడుమనున్న గడిలో ఉత్తచేతులతో పోవుదురు. పనిచేయుచున్న చేతులు ఈ కిటికీలో మూడుచోట్ల కనబడును: చెప్పులు కుట్టువానివి, కట్టుకట్టు సమరయునివి, ఆదాము దంపతులవి. గాజుపై కథ చేతులతోనే చెప్పవలెనని ముందు అనుకొంటిమి. ఇచ్చట ఆ నిర్బంధమే అర్థమునకు తోడ్పడినది.

లోపములు లేవని కాదు. నేలకు దగ్గరనున్న గడులు సుబోధములు. పైకి పోయినకొలది బొమ్మలు చిన్నవై, కొమ్మలు, ఆకులు, అంచుపనులు కథతో పోటీపడును. దుష్టుని, శిష్టుని వేరుపరచు ముఖభేదము తక్కువ. సిద్ధాంతమును ఇంతకంటె సూటిగా చెప్పిన గాజు ఆ యాలయముననే యున్నది. దక్షిణపు ప్రక్కశాలలో పెద్ద వృత్తగవాక్షము క్రింద, డ్రూ వంశజుడగు పియెర్ మోక్లెర్ ఇచ్చిన కిటికీలలో, నలుగురు ప్రవక్తలు నలుగురు సువార్తికులను భుజములపై మోయుచున్నారు. యెషయా మత్తయిని, యిర్మీయా లూకాను, యెహెజ్కేలు యోహానును, దానియేలు మార్కును ఎత్తుకొనియున్నారు. పాత నిబంధన క్రొత్తదానికి ఆధారమన్న భావము ఒక్క చూపులో తెలియును; ప్రక్కన నిలిచి చెప్పువాని అవసరము చాల తక్కువ. అది సిద్ధాంతచిత్రముగా సమరయుని కిటికీకంటె గెలిచినది. కాని దానిని చూచినవాడు మెచ్చుకొని వెడలిపోవును. సమరయుని కిటికీ చూచినవానికి ఒక ప్రశ్న వెంటవచ్చును.

వెలుగును గూర్చి ఒక్క మాట. నీలము చుట్టును వ్యాపించుననియు, దానిని అదుపున నుంచుట గాజుపనిలో ముఖ్యమనియు పందొమ్మిదవ శతాబ్దమున వియొలె-ల-ద్యుక్ వ్రాసెను. షార్త్రలో ఎరుపు ఆ పని చేయును. అయితే ఈ గాజునకు దీపము వెనుకనుండు సూర్యుడే. ఆ సూర్యునికి దొంగయు, లేవీయుడును, సమరయుడును సమానమే. మబ్బు పట్టిన అందరును మసకబారుదురు. ఎండ కాచిన అందరును వెలుగుదురు. కుంచెతో వ్రాయువాడు మంచివానిపై కాంతిని, చెడ్డవానిపై నీడను వేయగలడు. గాజుపనివానికి ఆ వీలు లేదు. ఎవడు మంచివాడో వెలుగు చెప్పదు. వాని చేతలను చూచి మనమే తెలిసికొనవలెను. 2009 ప్రాంతమునుండి ఆలయపు లోగోడలను శుభ్రము చేసి, పదమూడవ శతాబ్దపు ఆనవాళ్లను బట్టి లేతవన్నె వేయగా, చీకటి తగ్గి గాజు శోభ చెడెనని 2014లో గట్టి విమర్శ పుట్టెను. ఆ బాధ నిరర్థకము కాదు. అయినను మనము ప్రేమించిన ఆ చీకటిలో కొంత కొవ్వొత్తుల మసి చేసిన పనియేయనియు, తొలుత చూచినవారు లేతగోడల నడుమనే ఈ కథను చూచిరనియు మరువరాదు.

తెలుగునేలపైనను ఇట్టి గాజు కలదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ ఆలయమున మూడు గొప్ప కిటికీలందు క్రీస్తు జననమును, సిలువమరణమును, ఆరోహణమును చిత్రించిరి. ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క మహాదృశ్యము, వర్ణచిత్రపు పోకడ. షార్త్రవలె చిన్నగడులలో కథ నడుపుట అచ్చటి ఉద్దేశము కాదు. చేత తెలుగు బైబిలు పట్టుకొని వచ్చు సమాజమునకు కిటికీ గ్రంథము కానక్కరలేదు. పండుగనాటి భావమును నింపిన చాలును. మెదక్ కిటికీలు ఆ పనిని నిండుగా చేయుచున్నవి. వానిలో దైవకార్యము ముందు మనము తలవంచి నిలుతుము. షార్త్రలో మాత్రము ఒక బాటసారి మన కాళ్లముందు పడియుండును.

లూకా సువార్తలోని ఆ మాటను తెలుగు అనువాదకులు "పొరుగువాడు" అనిరి. మంచి మాట. గురజాడవారి దేశభక్తి గేయము నేర్చినవారికి దాని బరువు తెలియును. తెలుగున పొరుగు అనగా ప్రక్కయిల్లు. పొరుగూరు, పొరుగునాడు అనునప్పుడు మనది కానిది గూడ. ఒక్క మాటలోనే దగ్గరయు, పరాయియు రెండును ఇమిడినవి. తరతరములుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ వారి నడుమ ఇండ్లు కట్టుకొని, పూర్వము ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాములోను నిలిచి, ఈ సంచికను చదువుచున్న తెలుగువారికి ఆ మాటలోని రెండర్థములును అనుభవమున నున్నవే. తొలుత వచ్చిన మనవారికి నీడ యిచ్చినవాడు ఎన్నోచోట్ల వేరు భాష మాటలాడినవాడే. అట్టివారికి ఈ కిటికీ దూరదేశపు వింతగా తోపనక్కరలేదు. నా పొరుగువాడు ఎవడని అడుగుటకు బదులు, నేను ఎవనికి పొరుగువాడనైతినని ప్రతివాడును తన్ను తాను అడిగికొనవలెనని ఎనిమిది శతాబ్దములుగా ఆ గాజు చెప్పుచున్నది.